ఏసీమన్నాడు, ఏసేను

నా కుడికాలు విరిగినప్పటి చప్పుడు మైదానం గట్టు మీద చెరుకు నములుతూ కూర్చున్నవాళ్ళక్కూడా వినపడిందని అంటారు. నాకు మాత్రం వినపడలేదు. నా చెవుల్లో ఉండిపోయింది దానికి ముందు వచ్చిన కేక. "ఏసీ, ఏసీ" అని అవతలి జట్టు కోచ్ గీత బయట నిలబడి అరిచాడు. ఆ తర్వాత నాకు ఆకాశం కనిపించింది, దానికి అడ్డంగా నా కాలు కనిపించింది. మోకాలికీ మడమకీ మధ్య, వంగకూడని చోట వంగి ఉంది. మేజోడు చిరిగి లోపలినుంచి తెల్లగా ఏదో పొడుచుకొచ్చింది. అది ఎముక అని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు. మా అనకాపల్లి వైపు 'వేసెయ్' అనే మాటకి నోట్లో మిగిలిన రూపం అది. బస్సులో మూట ఏసీ అంటాం, తలుపు ఏసీ అంటాం, కంచంలో కూర ఏసీ అంటాం. బంతిని దూరంగా తన్నెయ్యమనాలన్నా, గోల్లోకి కొట్టమనాలన్నా ఏసీ అనే అంటాం. మనిషిని పడగొట్టమనాలన్నా అదే మాట. ఏది ఎయ్యాలో అన్నవాడి చూపుని బట్టి తెలుసుకోవాలి. పరిగెత్తేవాడికి వెనక్కి తిరిగి ఎవరి చూపు ఎక్కడుందో చూసే తీరిక ఎక్కడిది?

అప్పటికే నా పేరు మెక్సికో. బుచ్చయ్యపేట దగ్గర చెరుకు పండించే ఇంట్లో పుట్టాను. చదువుకని అనకాపల్లి వచ్చి ఫుట్‌బాల్ తగిలించుకున్నాను. బజార్లో గుట్ట పోసి అమ్ముతుంటే ఒక ఆకుపచ్చ జెర్సీ కొనుక్కున్నాను. వీపు మీద ఇంగ్లీషులో మెక్సికో అని అచ్చు వేసి ఉంది. "మెక్సికో అంటే ఏటిరా, మాకవరపాలెం అవతలా?" అని మా నాన్న అడిగాడు. అవునని చెప్పాను, ఆయన తృప్తిపడ్డాడు. ఆ జెర్సీతో గోల్ కొట్టిన రోజునుంచీ నా అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ పనికిరాలేదు.

కాలు విరిగింది ఫైనల్లో. మా కాలేజీ జట్టుకీ, బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీల జట్టుకీ పోటీ. ఆ రోజుల్లో మా దగ్గర ఫుట్‌బాల్ అంటే సగం ఆట, సగం కొట్లాట. ఎవరికీ రక్తం కారకపోతే "ఇదేటి ఆట, ఉప్పు నేని కూర" అని జనం లేచిపోయేవారు. ఆ రోజు వాళ్ళు లేచిపోవలసిన అవసరం రాలేదు. మొదటి సగంలోనే మా గోల్‌కీపర్ పన్ను ఊడింది. వాళ్ళ కెప్టెన్ కనుబొమ చిట్లితే కండువా చింపి కట్టుకుని మళ్ళీ దిగాడు. రిఫరీ విజిల్ ఎవరో లాక్కుపోయారు. పాపం ఆయన నోట్లో వేళ్ళు పెట్టుకుని ఈల వేస్తూ మిగతా ఆట ఆడించాడు.

నాకు కాపలా పడింది మాడుగుల వైపు నుంచి వచ్చి మార్కెట్లో చేరినవాడు. నా ఈడువాడే. ఆట మొదలవకముందు చెయ్యి కలిపి, "బావా, సూసి ఆడు. నేల గట్టిగుంది" అన్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడ మగవాళ్ళం ఎదురుపడ్డవాణ్ణల్లా బావా అనే పిలుచుకుంటాం. ఆట చివర్లో వాణ్ణి దాటేశాను. నా ముందు గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు. కొడితే కప్పు మాది. అప్పుడే ఆ కేక వచ్చింది, కేక వెంట వెనకనుంచి వాడి బూటు వచ్చింది.

మా మేనమామలూ బావలూ గట్టు దిగి వచ్చేశారు. చేతుల్లో నములుతున్న చెరుకు గడలే ఉన్నాయి. అవి చాలు. చెరుకుగడతో దెబ్బ తినని వాళ్ళకి చెప్పినా తెలీదు, కణుపు తగిలిన చోట చర్మం చిట్లుతుంది. వాణ్ణి గోల్ స్తంభానికి ఆనించి కొట్టారు. గడ విరిగితే ఇంకో గడ అందుకున్నారు. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదట. కొట్టిన ప్రతివాడి మొహం చూసి విడివిడిగా ఒకే మాట చెప్పాడట. "మా మాస్టారు ఏసీమన్నాడు, ఏసేను." మా పెద్ద మేనమామ గడని మొదలు వైపుకి తిప్పి చెవి మీద కొట్టాడు. ఎడమచెవిలోంచి రక్తం మెడ మీదికి దిగింది. ఆ చెవికి మళ్ళీ వినికిడి రాలేదు.

ఆ సంగతి నాకు విశాఖపట్నం ఆసుపత్రిలో తెలిసింది. కాల్లో కడ్డీ వేసి కట్టు కట్టి పడుకోబెట్టారు. మా బావ మంచం పక్కన కూర్చుని ఎలా కొట్టారో చెయ్యి ఆడించి చూపించాడు. సంతోషించాను. "ఒక్క చెవేనా?" అని అడిగాను.

వాళ్ళ కోచ్ మాత్రం దెబ్బ తినకుండా బయటపడ్డాడు. పెద్దమనుషుల ముందు నిలబడి, "నాను బంతి ఏసీమన్నాను. కాలు ఏసీమన్నానా?" అన్నాడు. దానిమీద ఊరు రెండుగా చీలింది. బంతి అని కొందరు, కాలు అని కొందరు. టీ కొట్టు దగ్గర ఇదే విషయం మీద గ్లాసులు పగిలాయి. ఆయన చూపు ఎటుందో చూశామని ఒట్లు పెట్టుకున్నవాళ్ళలో సగంమంది ఆ రోజు మైదానానికే రాలేదు. నన్నెవరూ అడగలేదు, అడిగినా నేను చెప్పగలిగింది లేదు. నా చూపు గోల్ మీద ఉంది.

కాలు అతికింది గానీ పొట్టిదైంది. ఆట అక్కడితో అయిపోయింది. వ్యాయామ శిక్షణ కోర్సు చదివి ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాను. సాయంత్రాలు అదే మైదానంలో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాను. మెక్సికో కాస్తా మెక్సికో మాస్టారయింది.

ఫోన్లు వచ్చాక, ఇన్నేళ్ళు పేరు మోస్తున్నాను కదా, ఒకసారి చూద్దామని ఆ దేశం ఆటలు పెట్టుకున్నాను. అక్కడ ఒకాయన కనిపించాడు. పేరు నాకు నోరు తిరగదు. వయసులో ఉన్నప్పుడు వెనక వరసలో ఆడేవాడు. ఆ పాత వీడియోలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. గాల్లోకి ఎగిరి ఎదుటివాడి మోకాళ్ళ మీద పడేవాడు. మోచేత్తో ముక్కులు పగలగొట్టేవాడు. ఎర్రకార్డు చూపిస్తే ఆ కార్డు పట్టుకున్న చేతినే తోసేసేవాడు. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. సూటు తడిసి వీపుకి అంటుకునేదాకా గీత పక్కన అటూ ఇటూ తిరుగుతాడు. నీళ్ళసీసాలు తన్నుతాడు. ఆటగాళ్ళకి ఏదైనా చెప్పేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు, అవతలివాళ్ళు పెదాలు చదివేస్తారని. ఆయన మాట ఒక్కటి అర్థం కాకపోయినా, ఏ పిల్లని ఎక్కడ నిలబెట్టాలో, జట్టుని ఎప్పుడు వెనక్కి లాగాలో ఆయన చేతులు చూసే నేర్చుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా నేర్చుకున్నాను. మా మైదానంలో పెదాలు చదివేవాడెవడూ లేడు. మాస్టారికి పన్నునొప్పి అనుకున్నారు.

ఆయనా నేనూ ఒకే దారిలో వచ్చామని మురిసిపోయేవాణ్ణి. తేడా నా భార్య చెప్పింది. ఒకరోజు కాఫీ ఇస్తూ ఫోన్లోకి తొంగిచూసి, "ఈయన కాలిరగ్గొట్టినోడు కదా. మీరు ఇరగ్గొట్టించుకున్నోరు" అంది. ఒళ్ళు మండింది. ఆ పూట కాఫీ తాగలేదు.

నా మైదానంలో ఒకటే కట్టడి. ఏసీ అన్న మాట వినపడకూడదు. బంతి తన్ను అనండి, గోల్ కొట్టు అనండి, ఆ మాట మాత్రం వద్దు. అన్నవాళ్ళు మైదానం చుట్టూ పరిగెత్తాలి. టిఫిన్ల దగ్గర ఒక పిల్ల "కొంచెం పచ్చడి ఏసీ" అందని దాన్ని కూడా పరిగెత్తించాను. మాస్టారికి ఏసీ పడదు, ఫాను చాలు అని వెనకాల నవ్వుకునేవారు. నవ్వనీ అనుకున్నాను.

ఆడపిల్లల జట్టు కట్టినప్పుడు నాతవరం, బుచ్చయ్యపేట ఊళ్ళనుంచి బస్సుల్లో ఆటోల్లో వచ్చేవారు. మగపిల్లలకంటే మొండిగా ఆడేవారు. మోకాళ్ళు కొట్టుకుపోతే మట్టి అద్దుకుని లేచేవారు. ఒకసారి ఇద్దరు బంతి కోసం జుట్లు పట్టుకుంటే విడదీయబోయిన నా మణికట్టు కొరికేశారు. ఆ గాటు ఇప్పటికీ ఉంది. నాకు ఆ పిల్లలంటే ప్రాణం.

ఒక సాయంత్రం ఆ మాడుగుల వాడు కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. నా పొట్టికాల్లో కడ్డీ కూడా గుర్తుపట్టిందనుకుంటాను, సన్నగా పోటు మొదలైంది. ఇంకా మార్కెట్లోనే కలాసీగా ఉన్నాడు. పిల్ల ఇంటర్ చదువుతోంది, పొడుగ్గా, గట్టిగా ఉంది.

"మాస్టారూ, పిల్లకి ఆట నేర్పండి," అన్నాడు.

నాకేసి చూడలేదు. మొహం ఎడమపక్కకి తిప్పి మాట్లాడాడు. కాలు విరగ్గొట్టి, పైగా మొహం చూడ్డానిక్కూడా ఇష్టం లేదా అని పిడికిలి బిగిసింది. అప్పుడు తట్టింది, కుడిచెవి నావైపు పెట్టడానికి అలా తిరిగాడని.

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?" అన్నాను.

"ఉన్నారు. మా పాత మాస్టారు కూడా ఆడపిల్లల జట్టు కట్టేడు. ఆయన కాడికి పంపను. కాలు ఇలువ మీకు తెలుసు," అన్నాడు.

పిల్లని జట్టులో చేర్చుకున్నాను. ఆడపిల్ల తండ్రిని ఇక వాడు అనలేక అతను అనడం మొదలుపెట్టాను, మనసులో మాత్రం వాడే. ఆ పిల్లని మిగతావాళ్ళకంటే ఎక్కువ పరిగెత్తించాను. పడితే లేపలేదు. వెనక వరసలో పెట్టి, మా జట్టులో బలమైన పిల్లల్ని దాని మీదికి తోలాను. పెదవి పగిలింది, వేలు బెణికింది, ఒక్కసారి కూడా ఎదురుచెప్పలేదు. తండ్రి పని దిగాక వచ్చి గీత బయట నిలబడి చూసేవాడు. చివరికి నా కోపానికే విసుగొచ్చి, ఆ పిల్లకి నిజంగా ఆట నేర్పడం మొదలుపెట్టాను. పక్కనుంచి వెళ్ళి బంతిని మాత్రమే ఎలా లాక్కోవాలో, వెనకపడిపోతే ఏం చెయ్యకూడదో నేర్పాను. అంత మంచి బ్యాక్ నా చేతిలో ఇంకొకతె పడలేదు.

ఈ ఏడు ఆడపిల్లల ఫైనల్ అదే మైదానంలో జరిగింది. అవతలి జట్టు ఆ పాత కోచ్‌దే. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. ఆ కప్పు నాకు కావాలి. దాచుకునేదేముంది, దాని కోసమే ఇన్నేళ్ళు కుంటుకుంటూ ఆ మైదానానికి పోయాను. గోల్ ముందు ఆగిపోయిన ఆ పరుగు పూర్తవ్వాలి, అంతే. గట్టు నిండా జనం. మా బావల కొడుకులు చెరుకు గడలతో వచ్చి కూర్చున్నారు.

ఆట మొదటినుంచీ కొట్లాటే. మా సెంటర్ ఆడే పిల్లకి మోచెయ్యి తగిలి కన్ను మూసుకుపోయింది. వాళ్ళ పిల్ల ఒకతె చెయ్యి కింద పెట్టి పడితే మణికట్టు విరిగింది, కేకలు పెడుతుంటే ఎత్తుకుపోయారు. జెర్సీలు చిరిగాయి. గట్టు మీద పెద్దవాళ్ళు ఆ పిల్లల్ని అనకూడని మాటలు అన్నారు. చెరో గోల్ అయింది. ఆట ముగియబోతుండగా వాళ్ళ ఫార్వర్డ్ మా వాళ్ళందర్నీ దాటేసింది. మా గోల్‌కీపర్ ఒక్కతే ముందుంది. వెనకాల ఒక్క అడుగు తేడాలో కలాసీ కూతురు పరిగెడుతోంది.

పక్కకి వెళ్ళే వ్యవధి లేదు. బంతి అందదు. అందేది కాలు ఒక్కటే.

"ఏసీ, ఏసీ" అని అరిచాడు పాత కోచ్, గోల్ కొట్టమని తన పిల్లకి. "ఏసీ, ఏసీ" అని లేచి అరిచారు మా బావల కొడుకులు, పడగొట్టమని మా పిల్లకి. గట్టంతా అదే మాట. నా అరచెయ్యి నా నోటికి అడ్డం ఉంది. దాని వెనక నేనూ అదే మాట అరుస్తున్నాను. చెయ్యి తడిసిపోయింది. కడ్డీ ఉన్న కాలు నేలని తన్నుతోంది.

అంతమందిలో ఒక్క గొంతు వేరే మాట అంది. మా గోల్ పక్కన గీతమీద నిలబడ్డ తండ్రిది.

"ఒగ్గీ. ఒగ్గీయే అమ్మా, దాన్నొగ్గీ."

ఒగ్గీ అంటే మా వైపు వదిలెయ్ అని. ఆ పిల్ల ఎత్తిన కాలు దింపేసింది. ఆ ఊపుకి తనే బోర్లా పడి మొహం మట్టిలో దూసుకుపోయింది. ఫార్వర్డ్ గోల్ కొట్టింది. ఈల వినపడింది. కప్పు పోయింది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. గట్టు మీదినుంచి చెరుకు ముక్కలు ఆ పిల్ల మీదికి వచ్చి పడ్డాయి. ఒకటి నుదురు చీల్చింది. రక్తం తుడుచుకుంటూ లేస్తోంది. నేను దాని దగ్గరికి పోలేదు. మైదానానికి అడ్డంపడి కుంటుతూ తండ్రి దగ్గరికి పోయాను. చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని గోల్ స్తంభానికేసి గుద్దాను. తల స్తంభానికి తగిలి మోగింది.

"ఎందుకు వదిలెయ్యమన్నావు?"

"ఏటి?" అన్నాడు. ఎడమచెవి వైపు అరిచానని గుర్తొచ్చి ఇంకా మండింది. తల పట్టుకుని తిప్పి కుడిచెవిలో అరిచాను. నా ఉమ్ము అతని చెంప మీద పడింది. నా వెనకాల మా బావల కొడుకులు గట్టు దిగి వచ్చేశారు. గడలు గాల్లో ఆడుతున్న చప్పుడు వినపడుతోంది. మామయ్యా నువ్వు తప్పుకో అంటున్నాడొకడు. అతనూ చూశాడు వాళ్ళని. అప్పట్లాగే చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"ఆ రోజు నాకెవులూ ఒగ్గీమని సెప్నేదు, బావా," అన్నాడు.

ఇన్నాళ్ళూ మాస్టారూ అని పిలిచిన మనిషి. మళ్ళీ బావా అన్నాడు. నా చేతులు మాత్రం కాలరు వదల్లేదు. వాటికి ఇంకా ఆ సంగతి చేరలేదు.

ఆ పిల్ల వచ్చింది. నుదుటి రక్తం ముక్కు పక్కనుంచి కారుతోంది, పళ్ళ మధ్య మట్టి ఉంది. నన్ను తోయలేదు, కొట్టలేదు. నా మణికట్టు మీద చెయ్యి వేసింది.

"ఒగ్గీయండి మాస్టారూ," అంది.

వదిలేశాను. వెనక్కి తిరిగితే గడలు ఇంకా లేచే ఉన్నాయి. వాళ్ళంతా నా మొహంకేసి చూస్తున్నారు, నేనేమంటానా అని. ఇన్నేళ్ళు నా మైదానంలో నేను అననివ్వని మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"ఏసీండ్రా," అన్నాను.

ముందున్నవాడు గడ ఎత్తి ఒక అడుగు ముందుకి వేశాడు. వాడి చూపు ఆ చెవిటి చెవి మీద ఉంది. నా పొట్టికాలు అడ్డం పెట్టి వాడికీ అతనికీ మధ్య నిలబడ్డాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"గడలు," అన్నాను. "గడలు కింద ఏసీండి."